మన ఎంపీ చదువుల బిల్లులకు ఎలా ఓటేశారో ఎక్కడ దొరుకుతుంది?

పలక_బలపం:

మా నియోజకవర్గంలో తల్లిదండ్రుల సంఘం, రిటైర్డ్ ఉపాధ్యాయుల సంఘం కలిసి ఎంపీ గారితో ముఖాముఖి పెడుతున్నాయి. దానికి ముందు "చదువుల విషయంలో మన ఎంపీ" అని రెండు పేజీల కరపత్రం వేసి ఊళ్లలో పంచాలని నిర్ణయించారు. ఆయన 2014 నుంచి లోక్‌సభలో ఉన్నారు. పేరు రాయడం లేదు, రాస్తే చర్చ పార్టీల మీదికి పోతుంది.

చిత్తు ప్రతిలో ఒకరు "11 విద్యా బిల్లులకు మద్దతు, 0 వ్యతిరేకం" అని రాశారు. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే, విద్యాశాఖ తెచ్చిన బిల్లుల్లో పాసైనవి లెక్కేసి, ఆయన పార్టీ సమర్థించింది కాబట్టి ఆయనా ఓటేసి ఉంటారని చెప్పారు. పార్లమెంటు సైటులో సభ్యుడి పేజీ తీస్తే ప్రశ్నలు, చర్చలు ఉన్నాయి, ఓట్లు అనే మాటే లేదు. పార్లమెంటు పనిని గమనించే పీఆర్ఎస్ సంస్థ వాళ్ల ఎంపీ ట్రాక్‌లోనూ హాజరు శాతం, ప్రశ్నల సంఖ్య ఉన్నాయి తప్ప ఓట్లు కనపడలేదు.

బిల్లువారీగా ఆయన అవునన్నారా, కాదన్నారా అన్నది అసలు ఎక్కడైనా రాసి ఉంటుందా? ఉంటే ఎలా వెతకాలి? లేకపోతే కరపత్రంలో ఏం రాస్తే తప్పు కాకుండా ఉంటుంది?

సభాపర్వం:

ముందు ఆ "11–0" లైను కొట్టేయండి. అది లెక్క కాదు, ఊహ. ఆయన ఆఫీసు నుంచి ఒక్కరు లేచి "ఏ రోజు, ఏ డివిజన్ (పేర్లతో నమోదయ్యే ఓటింగ్)?" అని అడిగితే మీ దగ్గర జవాబు ఉండదు. ఆ ఒక్క ప్రశ్నతో మిగతా రెండు పేజీలూ కొట్టుకుపోతాయి.

మీరు వెతికినా దొరకకపోవడానికి కారణం సైటు కాదు. మన సభల్లో చాలా బిల్లులు మూజువాణి ఓటుతో పాసవుతాయి. స్పీకర్ అనుకూలురను అవుననమంటారు, వ్యతిరేకులను కాదనమంటారు, ఏ గొంతు గట్టిగా వినిపించిందో చెప్పి ముగిస్తారు. ఎవరు అన్నారో, ఎందరు అన్నారో ఎక్కడా నమోదు కాదు. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం పెట్టడానికి తెచ్చిన సవరణ బిల్లునే చూడండి. 2023 డిసెంబరు 7న లోక్‌సభలో మూజువాణితోనే పాసైంది. తెలంగాణకు అంత ముఖ్యమైన బిల్లుకు కూడా, ఫలానా ఎంపీ ఓటేశారని చూపించే కాగితం లేదు.

పేర్లు నమోదయ్యేది డివిజన్ జరిగితేనే. లోక్‌సభ నియమావళిలో 367వ నియమం దీనిది. స్పీకర్ చెప్పిన మూజువాణి ఫలితాన్ని ఒక సభ్యుడు ఒప్పుకోకపోతే లాబీలు (సభ పక్కనున్న నడవాలు) ఖాళీ చేయిస్తారు, గంట మోగుతుంది. మూడున్నర నిమిషాల తర్వాత అదే ప్రశ్న రెండోసారి సభ ముందు పెడతారు. అప్పుడూ ఒప్పుకోకపోతే ఓట్లు నమోదు చేస్తారు. సీటు దగ్గరి మీటలు నొక్కి కానీ, చీటీల మీద కానీ, లాబీల్లోకి వెళ్లి కానీ ఓటేస్తారు. అవునుకు ఆకుపచ్చ, కాదుకు ఎరుపు, తటస్థానికి పసుపు.

అదే నియమంలో ఇంకో మలుపు ఉంది, చాలామంది పట్టించుకోరు. డివిజన్ అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్ అనుకుంటే, సభ్యులను ఉన్నచోటే లేచి నిలబడమని తలలు లెక్కపెట్టి ఫలితం చెప్పేయవచ్చు. అప్పుడు పేర్లు రాయరు. కాబట్టి పేపర్లో "ఇంతమంది అనుకూలం, ఇంతమంది వ్యతిరేకం" అని అంకెలు కనపడ్డంత మాత్రాన పేర్ల జాబితా ఉంటుందని అనుకోకండి.

సమాచార హక్కు దరఖాస్తు పెడదామని ఎవరైనా అంటారు. పది రూపాయలే కదా, పెట్టండి. కానీ లేని రికార్డును తయారు చేసి ఇమ్మని ఆ చట్టం చెప్పదు. మూజువాణి బిల్లుకు "సభ్యులవారీ వివరం లేదు" అనే జవాబే వస్తుంది. నా దృష్టిలో అదీ పనికొచ్చేదే, ఆ జవాబును కరపత్రంలో వేసుకోవచ్చు.

లాబీ_గంట:

పై వివరణ సరైనదే. పేర్లు దొరికే బిల్లులు ఏవో, వాటిని ఎలా తీయాలో చెప్తాను.

రాజ్యాంగ సవరణలకు డివిజన్ తప్పదు. 368వ అధికరణం ప్రకారం సభ మొత్తం సభ్యుల్లో సగానికి పైగా, హాజరై ఓటేసిన వారిలో మూడింట రెండొంతులు, రెండూ కావాలి. గొంతులు విని ఈ లెక్క తేల్చలేరు. లోక్‌సభలో 272, రాజ్యసభలో 123 తగ్గకూడదు. చదువులకు సంబంధించినవి చూస్తే 86వ సవరణ (6 నుంచి 14 ఏళ్ల పిల్లల విద్యాహక్కు, 21ఎ), 93వ సవరణ (ప్రైవేటు విద్యాసంస్థల్లో రిజర్వేషన్లు, 15(5)), 103వ సవరణ (ఆర్థికంగా వెనకబడిన వర్గాలకు 10 శాతం, 15(6)). మీ ఎంపీ 2014 నుంచి అంటున్నారు కాబట్టి మీకు పనికొచ్చేది మూడోది.

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. బిల్లు నంబరు వేరు, సవరణ నంబరు వేరు. 86వ సవరణ సభలోకి వచ్చింది 93వ సవరణ బిల్లుగా. 93వ సవరణ వచ్చింది 104వ బిల్లుగా. 103వది 124వ బిల్లు. చర్చల పుస్తకంలో "103" అని వెతికితే ఏమీ రాదు, "124వ సవరణ బిల్లు, 2019" అని వెతకాలి. "93" అని వెతికితే 2001 నాటి వేరే బిల్లు వచ్చి మీద పడుతుంది.

రెండో పొరపాటు శాఖను బట్టి వెతకడం. మీ చిత్తు ప్రతి రాసినవారు చేసిందీ అదే. 103వ సవరణ తెచ్చింది సామాజిక న్యాయ శాఖ. కానీ దానితో వచ్చిన 15(6) సూటిగా కాలేజీ సీట్ల గురించే, మైనారిటీ సంస్థలు తప్ప ప్రైవేటు అన్‌ఎయిడెడ్ కాలేజీలకూ వర్తిస్తుంది. అలాగే జాతీయ వైద్య కమిషన్ బిల్లు ఆరోగ్య శాఖది. ఎంబీబీఎస్ చివరి ఏడాది ఉమ్మడి పరీక్ష, ప్రైవేటు కాలేజీల్లో 50 శాతం సీట్ల ఫీజులకు మార్గదర్శకాలు, అన్నీ అందులోనివే. ఆ బిల్లు 2019 జులై 29న లోక్‌సభలో 260–48తో పాసైంది. అంటే డివిజన్ జరిగిన రెండు పెద్ద చదువుల బిల్లులూ విద్యాశాఖ జాబితాలో కనపడవు. ఆ జాబితా పట్టుకుంటే దొరికే ఓట్లే చేజారుతాయి.

వెతికే పద్ధతి ఇది. డిజిటల్ సంసద్ సైటులో లోక్‌సభ చర్చలకు వెళ్లి బిల్లు పేరు కాకుండా తేదీ ఇవ్వండి. 124వ బిల్లుకు 2019 జనవరి 8. ఆ రోజు మొత్తం చర్చ ఫైలు దింపుకుని "డివిజన్" అనే మాటతో వెతకండి. ఒక్కటే జాబితా ఉంటుందనుకోకండి. రాజ్యాంగ సవరణ బిల్లుకు పరిశీలనకు తీసుకునే దశలో ఒకటి, క్లాజుల దగ్గర, చివరికి పాస్ చేసే దశలో మరొకటి, ఇలా వేర్వేరు ఓట్లుంటాయి. సభ్యులు పెట్టిన సవరణల మీద ఇంకా ఉండొచ్చు. మీకు కావలసింది చివరి "బిల్లును ఆమోదించాలి" అన్న తీర్మానం కింది జాబితా. ఏ దశదో చెప్పకుండా ఓటు రాస్తే తప్పుదారి పట్టించినట్టే.

ఆ జనవరి 8 ఫలితం 323–3. మర్నాడు రాజ్యసభలో 165–7. వ్యతిరేకించిన ముగ్గురిలో హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ గారు ఒకరు. పేరుతో సహా నమోదైన ఓటు అంటే ఇదీ. ఎవరూ కాదనలేరు, ఎవరూ ఊహించనక్కర్లేదు. దాని పక్కనే ఆ రోజు సభలో ఆయన చెప్పిన కారణాలు కూడా అదే ఫైలులో ఉంటాయి, రెండూ కలిపి చదవాలి. మీ ఎంపీ విషయంలోనూ అంతే. ఓటు ఒక లైను, ఆయన మాటలు రెండు లైన్లు వేయండి.

జాబితాలో జాగ్రత్త పడాల్సినవి ఇంకా ఉన్నాయి. పేర్లు ఇంటిపేరుతోనో చివరి మాటతోనో మొదలవుతాయి, నియోజకవర్గం పక్కన రాసి ఉండదు. 16వ లోక్‌సభలో తెలుగు రాష్ట్రాల నుంచి ఎంతమంది రెడ్లు ఉన్నారో గుర్తు తెచ్చుకోండి. పూర్తి పేరు, ఇనిషియల్స్ సరిపోల్చకుండా టిక్కు పెట్టొద్దు. స్పీకర్ ఫలితం చెప్పేటప్పుడు "దిద్దుబాట్లకు లోబడి" అంటారు, ఎందుకంటే మీట పనిచేయనివారు, తప్పు మీట నొక్కినవారు చీటీ ఇచ్చి సరిచేసుకుంటారు. ఆ పేర్లు జాబితా కింద గుర్తు పెట్టి విడిగా వేస్తారు. చాలామంది పై జాబితా చూసి "మా ఎంపీ లేడు" అని తేల్చేస్తారు, ఆయన పేరు కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పలక_బలపం:

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. రెండు అనుమానాలు. జాబితాలో అవును, కాదు, తటస్థం మూడింట్లోనూ పేరు లేకపోతే "గైర్హాజరు" అని రాయొచ్చా? ఇంకొకటి, విప్ (ఇలా ఓటేయాలనే పార్టీ ఆదేశం) ఉంటే ఎంపీ పార్టీ చెప్పినట్టే చేయాలి కదా, అప్పుడు ఆయన ఓటును ఆయన అభిప్రాయంగా జనానికి చూపించడం న్యాయమేనా?

లాబీ_గంట:

మొదటిదానికి: వద్దు. పేరు లేకపోవడానికి నాలుగు కారణాలుంటాయి. సభకే రాకపోవచ్చు, వచ్చి వాకౌట్ చేసి ఉండొచ్చు, సభలో ఉండీ ఓటేయకపోవచ్చు, అసలు ఆ రోజుకు ఎంపీయే కాకపోవచ్చు.

చివరిదానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. 2018 ఏప్రిల్‌లో ప్రత్యేక హోదా కోసం వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు ఐదుగురు రాజీనామా ఇచ్చారు, జూన్‌లో ఆమోదించారు. నెల్లూరు, తిరుపతి, ఒంగోలు, రాజంపేట, కడప. సభ గడువు ఏడాదిలోపే మిగిలింది కాబట్టి ఉప ఎన్నికలు జరగలేదు. 2019 జనవరి 8న ఆ ఐదు సీట్లూ ఖాళీ. ఆ నియోజకవర్గాల వాళ్లు జాబితా చూసి "మా ఎంపీ 10 శాతం రిజర్వేషన్‌కు ఓటేయలేదు" అని రాస్తే శుద్ధ తప్పు.

హాజరు పట్టిక దీన్ని తేల్చదు. హాజరు రోజుకోసారి నమోదవుతుంది, పొద్దున సంతకం పెట్టినవారు రాత్రి ఓటు దాకా ఉన్నారని అర్థం కాదు. పైగా మంత్రులు ఆ రిజిస్టరులో సంతకం పెట్టరు. మీ ఎంపీ ఎప్పుడైనా మంత్రిగా ఉంటే ఆ కాలానికి హాజరు శాతమే ఉండదు, ప్రశ్నల సంఖ్యా సున్నా అవుతుంది. మంత్రి ప్రశ్నలు అడగరు, జవాబులిస్తారు. "అయిదేళ్లలో ఒక్క ప్రశ్నా అడగలేదు" అని మంత్రిని తిట్టిన కరపత్రాలు కూడా వచ్చాయి.

మీరు రాయాల్సిన మాట "ఓటు జాబితాలో పేరు లేదు". ఆ రోజు వాకౌట్ జరిగిందో లేదో చర్చలోనే బ్రాకెట్లలో ఉంటుంది, "ఈ దశలో ఫలానా సభ్యులు సభ నుంచి వెళ్లిపోయారు" అని. అది ఉంటే కలపండి.

సభాపర్వం:

విప్ గురించి నేను చెప్తాను. అసలు మీ కరపత్రానికి ప్రాణం అక్కడే ఉంది.

1985లో 52వ సవరణతో వచ్చిన పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిషేధం) ప్రకారం, ముందస్తు అనుమతి లేకుండా పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటేసినా, ఓటేయకుండా ఉన్నా, పార్టీ 15 రోజుల్లోపు దాన్ని మన్నించకపోతే సభ్యత్వం పోతుంది. 1992లో కిహోటో హొల్లోహాన్ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వ మనుగడను తేల్చే ఓట్లకు, పార్టీ మూల విధానాలకు పరిమితమయ్యేట్టు ఆ నిబంధనను చదవాలంది. ఆచరణలో పార్టీలు మామూలు బిల్లులకూ విప్ ఇస్తూనే ఉన్నాయి. కాబట్టి డివిజన్ జాబితా చెప్పేది ముఖ్యంగా పార్టీ ఓటు. దాన్ని వేయండి, కానీ పక్కన పార్టీ వైఖరి కూడా వేయండి. ఎంపీ తన మనసు చెప్పిన చోట్లు వేరే ఉన్నాయి, వాటికి విప్ అంతగా అడ్డురాదు.

అన్నిటికంటే ముందు సవరణ నోటీసులు. బిల్లు మీద ఎంపీ సొంతంగా పెట్టిన సవరణ ఓడిపోయినా సరే, ఏ క్లాజులో ఏ మాట మార్చమన్నారో చర్చల పుస్తకంలో పేరుతో ఉంటుంది. 2005 డిసెంబరులో 93వ సవరణ మీద అసలు వాదం బిల్లు కావాలా వద్దా అన్నదానికంటే, మైనారిటీ విద్యాసంస్థలకు మినహాయింపు ఉండాలా అన్నదాని మీద నడిచింది. చివరి ఓటు మాత్రమే చూస్తే ఆ వాదమే కనపడదు. నోటీసిచ్చి ఆ సమయానికి సభలో లేక సవరణ పెట్టలేకపోయినవారూ ఉంటారు, "ప్రతిపాదించలేదు" అని నమోదవుతుంది. అదీ సమాచారమే.

తర్వాత స్థాయీ సంఘం, అంటే బిల్లులను, శాఖ పనిని పరిశీలించే ఎంపీల కమిటీ. విద్య, మహిళలు, పిల్లలు, యువజన, క్రీడల సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. ఇది రాజ్యసభ సచివాలయం కింద నడుస్తుంది, అందుకే లోక్‌సభ పేజీలో వెతికితే నివేదికలు దొరకవు. మీ ఎంపీ ఏ ఏడాదైనా ఇందులో ఉన్నారేమో చూడండి, సంఘాన్ని ఏటా కొత్తగా వేస్తారు. నివేదిక వెనక సమావేశాల మినిట్స్ ఉంటాయి, ఏ సమావేశానికి ఎవరు వచ్చారో పేర్లతో. నివేదికతో ఏకీభవించని సభ్యుడు అసమ్మతి పత్రం రాస్తే అదీ జత చేస్తారు. మూజువాణి ఓట్ల సభలో సభ్యుడి సొంత వైఖరికి ఇంతకంటే గట్టి కాగితం ఇంకోటి నాకు తెలియదు.

బడ్జెట్ విషయం. "విద్యా బడ్జెట్‌కు ఓటేశారు" అనే లైను దయచేసి పెట్టొద్దు. పాఠశాల విద్య, ఉన్నత విద్య రెండు వేర్వేరు పద్దులు (నిధుల కోసం ప్రభుత్వం సభను అడిగే అభ్యర్థనలు). కొన్ని శాఖలనే చర్చకు తీసుకుంటారు, గడువు రోజు సాయంత్రం మిగిలిన పద్దులన్నిటినీ కలిపి గిలెటిన్ చేస్తారు, అంటే చర్చ లేకుండా ఒకేసారి ఓటుకు పెడతారు. 2023 మార్చి 23న అయితే మొత్తం పద్దులు చర్చే లేకుండా అలా పోయాయి. రక్షణ, రైల్వే, చదువు అన్నీ ఒకే గొంతుతో. రాజ్యసభకైతే పద్దుల మీద ఓటే లేదు. మీరు చూడాల్సింది కోత తీర్మానాలు, అంటే పద్దును తగ్గించమని సభ్యులు పెట్టేవి. పద్దును ఒక రూపాయికి తగ్గించమంటే ఆ విధానాన్నే తిరస్కరించినట్టు. వంద రూపాయలు తగ్గించమంటే ఒక నిర్దిష్ట ఫిర్యాదు, ఉదాహరణకు కేంద్రీయ విద్యాలయంలో ఖాళీలు, చెప్పడానికి. ఆ ఫిర్యాదు ఏమిటో తీర్మానంలోనే రాస్తారు, దాన్ని ఎత్తి వేయండి.

ప్రశ్నల దగ్గర సంఖ్య చూసి మోసపోవద్దు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రి సభలో నోటితో జవాబిచ్చేవి), 230 గుర్తు లేనివి (రాతపూర్వక జవాబు వచ్చేవి). ఒకే ప్రశ్నకు ఐదారుగురు ఎంపీల పేర్లు కలిపి వేయడం మామూలే, అందరి ఖాతాలోనూ ఒకటి పడుతుంది. "300 ప్రశ్నలు అడిగారు" కంటే, మీ జిల్లా పేరు వచ్చిన ప్రశ్నలు ఎన్ని, వాటికి మంత్రి ఇచ్చిన జవాబులో అంకెలు ఏమిటి అన్నది పదింతలు విలువైంది. ఎంపీ తెలుగులో మాట్లాడి ఉంటే చర్చల్లో అనువాదమే వేస్తారు, కింద గుర్తుతో "తెలుగులో చేసిన ప్రసంగానికి అనువాదం" అని ఉంటుంది. దాన్ని మళ్లీ తెలుగు చేసి కొటేషన్ గుర్తుల్లో పెట్టకండి. ఆయన మాటలు ఆయన మాటలుగానే కావాలంటే సంసద్ టీవీ వీడియో వినండి.

ప్రైవేటు మెంబరు బిల్లులకు (మంత్రి కాని ఎంపీ పెట్టేవి) ఒక లైను చాలు. 1970 తర్వాత ఒక్కటీ చట్టం కాలేదు.

గట్టు_మీది_చింత:

ఒక చిన్న మాట. ముఖాముఖిలో సగం ప్రశ్నలు ఎంపీ పరిధి కానివే వస్తాయి. ఇంగ్లిష్ మీడియం, ఫీజుల నియంత్రణ, బడుల విలీనం అన్నీ రాష్ట్రానివి. 42వ సవరణతో విద్య ఉమ్మడి జాబితాలోకి వెళ్లినా, బడి నడిపేది రాష్ట్రమే. కరపత్రం వెనక ఎమ్మెల్యేకు ఒక గడి ఉంచండి.

అక్కడ ఇంకా కష్టం. శాసనసభలో విద్యా బిల్లులు ఎక్కువగా మూజువాణే, పైగా పెద్ద నిర్ణయాలు బిల్లుగా కాకుండా జీవోగా వస్తాయి, అప్పుడు ఓటనేదే ఉండదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంగ్లిష్ మీడియం అలాగే జీవో 81, 85లతో నడిచింది, 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. దానికి సమాంతరంగా విద్యాచట్టం సవరణ బిల్లు కూడా వచ్చింది. శాసనసభ 2019 డిసెంబరులో పాస్ చేస్తే, మాధ్యమం ఎంచుకునే వీలుండాలని మండలి సవరణలతో తిప్పి పంపింది, 2020 జనవరిలో సభ మళ్లీ పాస్ చేసింది. కాబట్టి మీ ఎమ్మెల్సీ ఏమన్నారన్నది కూడా అడగదగ్గదే. ఉపాధ్యాయుల నియోజకవర్గం నుంచి వచ్చిన ఎమ్మెల్సీలను మనం అసలు అడగనే అడగం.

పలక_బలపం:

"11–0" తీసేశాం. మూజువాణి బిల్లులకు "పార్టీ సమర్థించింది, ఎంపీ ఆ రోజు హాజరు" అని వేద్దామని మా వాళ్లు అంటున్నారు. సరేనా?

లాబీ_గంట:

రెండు నిజాలను పక్కపక్కన పెట్టి మూడో అబద్ధం చదివించినట్టవుతుంది. చదివేవాళ్లు ఓటేశారనే అనుకుంటారు. "మూజువాణి ఓటు, సభ్యుల పేర్లు నమోదు కాలేదు. పార్టీ తరఫున ఫలానావారు సమర్థిస్తూ మాట్లాడారు. మన ఎంపీ చర్చలో మాట్లాడారు / మాట్లాడలేదు" అని వేయండి. హాజరు వేరే గడిలో, మొత్తం సమావేశాలకు కలిపి.

డివిజన్ ఉన్నవాటికి తేదీ, బిల్లు పేరు, ఏ దశ, అవును / కాదు / తటస్థం / జాబితాలో పేరు లేదు. అంతే. "మంచి ఓటు, చెడ్డ ఓటు" అని రంగులు వేయకండి.

అచ్చుకు పంపే ముందు ఎంపీ ఆఫీసుకు కనీసం పది రోజులు ముందుగా ఒక ప్రతి ఇచ్చి, తప్పులుంటే తేదీతో సహా రాతపూర్వకంగా చెప్పమనండి. "అప్పుడు సార్ సభలోనే ఉన్నారు" అని ఫోన్లో చెప్తే మార్చొద్దు, చర్చల ఫైలులో పేజీ చూపిస్తే మార్చండి. ఆ ఫైలు ఇప్పుడే దింపి మీ దగ్గర ఉంచుకోండి. ముందు సరిదిద్దని ప్రతి వస్తుంది, తర్వాత తుది ప్రతి. రెండిట్లో పేజీ నంబర్లు కలవవు, కాబట్టి ఏ ప్రతిలోదో రాసి పెట్టుకోండి.